ఎదురింటి కర్టెన్లు

గార్నెట్ వీధిలో ఎవరైనా పోతే, శవపేటిక ఇల్లు కదిలే రోజున వీధి వీధంతా కర్టెన్లు వేసేసేది. పోయినవాళ్ళు చుట్టాలు కానక్కర్లేదు. నిన్నటిదాకా జుట్టూ జుట్టూ పట్టుకున్నవాళ్ళయినా సరే, ముందుగది కిటికీకి కర్టెన్లు దగ్గరకు లాగి, ఇంటివాళ్ళు పూడ్చిపెట్టి తిరిగొచ్చేదాకా అలాగే ఉంచాలి. వెయ్యకపోవడమంటే ఆ మనిషి అసలు ఈ వీధిలో బతకనే లేదని ముఖం మీద చెప్పడమే. అంతటి మాట అనడానికి ఎంత పగ ఉన్నవాళ్ళకైనా నోరు వచ్చేది కాదు.

ఆ కర్టెన్లు వేయించే పని హన్నా కెర్షాది. ఆ తర్వాత అదే వీధిలో పుట్టిన బెరిల్‌కి అమ్మమ్మ. ఆ పని ఆవిడకి ఎవరూ అప్పజెప్పలేదు, ఆవిడే నెత్తినేసుకుంది. వీధిలో పురుళ్ళు పోసేది ఆవిడే. పోయినవాళ్ళకి ఒళ్ళు కడిగి, దవడకు గుడ్డ కట్టి, కాళ్ళకు తెల్లటి మేజోళ్ళు తొడిగేదీ ఆవిడే. ఆ పని ముగించి, తడిచేతులు ఆప్రాన్‌కు తుడుచుకుంటూ ఇంటింటి తలుపూ కొట్టేది.

"గురువారం పొద్దున. కర్టెన్లు." అంతే. ఇంకో మాట ఉండేది కాదు.

యుద్ధం రోజుల్లో ఎదురింటి ఎడ్నా డక్‌వర్త్‌కి టెలిగ్రాం వచ్చింది. కొడుకు సిరిల్ ఎక్కడో లిబియా ఎడారిలో, ఇటలీ వాళ్ళ తూటాలకి పోయాడు. శవం లేదు, పేటిక లేదు. ఎడ్నా అప్పుడు నిండు గర్భిణి. పొయ్యి ముందు కుర్చీలో కూలబడి, పలకదు, ఉలకదు. హన్నా ఒక్క నిమిషం ఆవిడ చెయ్యి పట్టుకు కూర్చుని, లేచి, తలుపులు కొట్టడానికి బయల్దేరింది.

"శవమే లేదు కదా హన్నా, కర్టెన్లెందుకు?" అంది చివరింటామె.

"శవం లేకపోతే బిడ్డ లేడూ? ఈ చేతులతోనే గదా వాణ్ణి భూమ్మీద పడేసింది! నోర్మూసుకుని కర్టెన్లెయ్యి."

పొద్దున్నుంచి చీకటి పడేదాకా వీధి మొత్తం కళ్ళు మూసుకుంది. ఆ సాయంత్రం ఎడ్నా మొదటిసారి ఏడ్చింది. "నేనిది చచ్చేదాకా మర్చిపోను హన్నా" అంది. నెల తిరక్కుండా మావిస్ పుట్టింది. ఆ పురుడూ హన్నాయే పోసింది.

ఏడాది గడవకముందే మర్చిపోయింది మహాతల్లి! అలా అంటే ఆవిడకి అన్యాయం చేసినట్టేనేమో. మర్చిపోలేకే అలా అయిందేమో. హన్నా కూతురు ఐవీకి నెల తప్పింది. బిడ్డ తండ్రి ఎవరయ్యా అంటే, ఊరవతల పొలాల్లో టర్నిప్ దుంపలు పీకడానికి తెచ్చిన ఇటలీ యుద్ధఖైదీ. ఆ సంగతి తెలిసిన పొద్దున ఎడ్నా వీధి దాటి వచ్చింది. హన్నా మోకాళ్ళ మీద కూర్చుని గుమ్మం కడిగి, అంచు తెల్లగా కనపడేలా తెల్లరాయి రుద్దుతోంది. ఆ తడి ఆరని తెలుపు మీద ఎడ్నా కాండ్రించి ఉమ్మింది.

"నా కొడుకుని చంపినవాడి బిడ్డని ఈ ఇంట్లో పెంచుతావా?"

హన్నా ఆ ఉమ్ము తుడిచి, మళ్ళీ రాయి రుద్దింది. "నా ఇంట్లో పుట్టేది నా ఇంట్లోనే పెరుగుతుంది" అంది తలెత్తకుండానే.

అంతే. ఆ రోజు నుంచి ఎడ్నా మాట మానేసింది. ఎడ్నా మానేసిందని వీధి మానేసింది. ఎడ్నా ఎటు తిరిగితే వీధి అటు తిరిగేది మరి, ఎంతైనా కొడుకుని పోగొట్టుకున్న తల్లి. అయినా ఒక ముసలాయన అర్ధాంతరంగా పోతేనో, కోడలికి నొప్పులు ముంచుకొస్తేనో, వెనక సందులోంచి వచ్చి హన్నా పెరటి తలుపు కొట్టేవాళ్ళు. హన్నా వెళ్ళేది. మర్నాడు ముందు వీధిలో ఎదురుపడితే అదే మనుషులు ముఖం తిప్పుకునేవాళ్ళు. సిగ్గూ ఎగ్గూ ఉన్న జాతి కాదు.

బెరిల్ ఆ ఇంట్లో పుట్టి, ఆ వీధిలోనే పదేళ్ళదయింది. బంగారు జుట్టు, ఎర్రజుట్టు పిల్లల మధ్య కాటుక లాంటి జుట్టు. దాచుకుందామన్నా దాగేది కాదు. బడిలో మావిస్, బెరిల్ ఒకే తరగతి. తాడాటలో బెరిల్‌కి గెంతే వంతు వచ్చేది కాదు, ఎప్పుడూ తాడు కొస పట్టుకుని తిప్పడమే. పేలు చూసే నర్సమ్మ వచ్చిన రోజున వరసలో మావిస్ ముక్కు మూసుకునేది.

"సిస్టర్, ముందు దీన్ని చూడండి. ఇటలీ పేలు ఎగురుతాయంట!"

అందరూ నవ్వేవాళ్ళు. నర్సమ్మ కూడా నవ్వింది ఒకసారి. ఆ రోజు పేలు దొరికింది మావిస్ తలలోనే. అయినా నవ్వు మాత్రం బెరిల్ మీదే మిగిలింది.

ఆ ఏడాది వసంతంలో డక్‌వర్త్ వాళ్ళింటికి టెలివిజన్ వచ్చింది. జూన్‌లో రాణిగారి పట్టాభిషేకం చూడాలని కొన్నారు. వీధిలో అదే మొదటిది. పొగగొట్టం మీద ఇనుప కడ్డీలు లేవడంతోటే మావిస్ కాళ్ళు భూమ్మీద ఆనడం మానేశాయి. పాలసీసాలు పంచే వేళ తరగతి మధ్యలో నిలబడి చెప్పేది.

"అచ్చం సినిమా హాలే అనుకోండి. అమ్మ అందర్నీ రమ్మంది. మీ అమ్మానాన్నల్ని కూడా తీసుకురండి." బెరిల్ వైపు తిరిగి, "నువ్వు తప్ప" అనేది.

బెరిల్ సీసాలో పాలు గడగడా తాగేసి, స్ట్రా నములుతూ కూర్చునేది. సినిమా హాలు మాత్రం తను చూడలేదేంటి? మిల్లుకి సెలవున్నప్పుడు అమ్మ తీసుకెళ్ళలేదేంటి?

అదే రోజుల్లో హన్నా మంచాన పడింది. నలభై ఏళ్ళు మిల్లు నూలుధూళి పీల్చిన రొమ్ము, ఇంక నావల్ల కాదంది. మెట్లెక్కలేదని మంచం కిందికి దింపి, ముందుగదిలో కిటికీ పక్కన వేశారు. పడుకుంటే సూటిగా ఎడ్నా కిటికీయే కనిపించేది. బడి నుంచి రాగానే బెరిల్ మంచం అంచున చేరేది.

"అమ్మమ్మా, మావిస్ చెప్పింది, నువ్వు పోతే వాళ్ళు కర్టెన్లు వెయ్యరంట."

మిల్లులోంచి అప్పుడే వచ్చిన ఐవీ వంటింట్లోంచి కేకేసింది. "ఒసే! ఏం మాటలే అవి?"

"దాన్ని అననీ" అంది హన్నా, ఆయాసంతో నవ్వుతూ. "పోనని ఎవరన్నారు? ఇదిగో, ఇలా రా పిల్లా. ఎడ్నా వేస్తుంది. పైకి ఎలా ఉన్నా దాని సంగతి నాకు తెలుసు. చూస్తుండు, వేస్తుంది."

"వెయ్యకపోతే?"

హన్నా వంటింట్లో గిన్నెల చప్పుడు అయ్యేదాకా ఆగి, గొంతు తగ్గించింది.

"వేసినా వెయ్యకపోయినా నాకేం తెలుస్తుందే, పేటికలో పడున్నదాన్ని! మీ అమ్మ కోసం చెప్తున్నా. పదేళ్ళుగా తలొంచుకు నడుస్తోంది పిచ్చిది. ఎడ్నా కర్టెన్ వేసిందా, ఈ వీధి మిమ్మల్ని ఉండనిస్తుంది. వెయ్యలేదా, ఇల్లు ఖాళీ చేసి ఎటైనా పొండి. నేను లేకుండా ఇక్కడ మీరు బతకలేరు. ఆ రోజు మీ అమ్మ తలెత్తి చూడదు. నువ్వు చూడాలి. చూసి అమ్మకి చెప్పాలి. చెప్తావా?"

"చెప్తా."

ఏప్రిల్ చివర్లో ఒక మంగళవారం తెల్లవారకముందు హన్నా పోయింది. ఎంతోమందికి ఒళ్ళు కడిగిన మనిషికి, ఒళ్ళు కడగడానికి ముందు తలుపులోంచి గాని వెనక తలుపులోంచి గాని ఒక్క మనిషి రాలేదు. ఐవీ ఒక్కతే చేసుకుంది. దవడకు గుడ్డ కట్టేటప్పుడు రెండుసార్లు జారిపోయింది. బెరిల్ కొస పట్టుకుంటే అప్పుడు ముడి పడింది.

శవయాత్రలు నడిపించే హోల్డెన్ వచ్చి, టోపీ ఒళ్ళో పెట్టుకుని నసిగాడు. "శనివారం మధ్యాహ్నం తప్ప ఖాళీ లేదమ్మా. మావాళ్ళు ఏడుస్తున్నారు గానీ... అదే వేళకి లండన్‌లో కప్ ఫైనల్ కదా, మన లాంకషైర్ జట్లే రెండూ. ఏం చేస్తాం, చావుకి ఫుట్‌బాల్ తెలీదు గదా."

"శనివారమే కానివ్వండి" అంది ఐవీ.

ఇక తలుపులు కొట్టేదెవరు? కొట్టే మనిషే పోయింది. ఐవీని అడిగితే, "నాకు చాతకాదే, నా కాళ్ళు ఆడవు" అని మంచం మీద కూర్చుండిపోయింది. బెరిల్ అమ్మమ్మ ఆప్రాన్ తీసి నడుముకి రెండు చుట్లు చుట్టుకుంది. వీధి ఈ చివర నుంచి మొదలుపెట్టింది.

"శనివారం మధ్యాహ్నం. కర్టెన్లు."

ఒకామె "అయ్యో" అని తలూపింది. ఒకాయన "ఎవరూ?" అని అడిగి, సమాధానం వినకుండానే తలుపేశాడు. చివరింటామె, ఎవరినైతే హన్నా నోర్మూసుకోమందో ఆవిడ, "ముందు ఎడ్నాని అడుగు పిల్లా" అంది. ఎడ్నా ఇంటిని బెరిల్ ఆఖరికి మిగుల్చుకుంది. తలుపు కొట్టింది. ఎడ్నా చేతిలో గిన్నెలు తుడిచే గుడ్డతో వచ్చి, కిందికి చూసింది. చాలాకాలంగా ఈ పిల్లని ఇంత దగ్గర్నుంచి చూసి ఉండదు.

"శనివారం మధ్యాహ్నం డక్‌వర్త్ ఆంటీ. కర్టెన్లు."

"శనివారమా?" ఎడ్నా మొహంలో ఏదో కదిలింది. "శనివారం మధ్యాహ్నమేనా?"

"అవునాంటీ."

ఎడ్నా మెల్లగా తలుపేసింది. ధడేలుమని వెయ్యలేదు. ఉమ్మలేదు. బెరిల్ ఇంటికి పరిగెత్తింది. "అమ్మా, ఆవిడ వెయ్యనని అనలేదే!"

"వేస్తానందా?"

"వెయ్యననలేదు!"

ఐవీ ఆ సాయంత్రం చాన్నాళ్ళుగా కూడబెట్టిన మాంసం రేషన్ కూపన్లన్నీ పట్టుకెళ్ళి, ఉప్పు పట్టించిన పందిమాంసం, హామ్ తెచ్చింది. పూడ్చి వచ్చాక వీధివాళ్ళకి పెట్టే టీకి హామ్ లేకపోతే ఎలా? ఎవరొస్తారో ఏమో. ముందుగది బల్ల మీద మంచి పింగాణీ పళ్ళాలన్నీ తుడిచి పెట్టింది.

శనివారం రానే వచ్చింది. హోల్డెన్ మనుషులు గబగబా పేటిక మోసుకొచ్చి బండిలో పెట్టారు. ఒకడు గడియారం చూసుకున్నాడు, హోల్డెన్ వాడి మీద కళ్ళెర్రజేశాడు. తర్వాత పొడుగుటోపీ పెట్టుకుని, చేతికర్రతో బండి ముందు నడక మొదలెట్టాడు. వెనకాల ఐవీ, బెరిల్. ఐవీ చూపులు రాళ్ళబాట మీదే. వీధిలో పురుగు లేదు. తాడాట లేదు, బంతి లేదు, గుమ్మాల్లో ఒక్క ఆడమనిషి లేదు. శనివారం మధ్యాహ్నం గార్నెట్ వీధి ఇంత నిశ్శబ్దంగా ఉండడం బెరిల్ ఎరగదు.

మాటిచ్చింది కదా, తలెత్తింది. పక్కింటి కిటికీ తెరిచే ఉంది. దాని పక్కదీ అంతే. ఎవరో ఒకరిద్దరు వేశారు, వాటిని చూసుకుని మురిసిపోయే పరిస్థితి కాదు. ఇక రోడ్డుకి అవతల పక్క చూడాలంటే భయం. చూసింది.

ఎడ్నా ఇంటి కర్టెన్లు వేసి ఉన్నాయి.

ఏదో కొంచెం దగ్గరకు లాగడం కాదు. ఆ కొస ఈ కొస కలిపి, సందు లేకుండా, పైన ఇంకో దుప్పటి కూడా కట్టి మరీ వేసి ఉన్నాయి.

"అమ్మా! చూడు! అమ్మా!"

"ష్... నడువు."

"ఎడ్నా వేసింది. అమ్మమ్మ చెప్పింది. చూడవే, ఒక్కసారి చూడు!"

ఐవీ తలెత్తింది. చూసింది. కాళ్ళు ఆగిపోయాయి. బండి ముందుకెళ్ళిపోతోంది, ఆవిడ మాత్రం రోడ్డు మధ్య నిలబడిపోయి, చేత్తో నోరు మూసుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చింది. తల్లి పోయిన రోజున ఏడవని మనిషి. హోల్డెన్ వెనక్కి తిరిగి చూసి, పద్ధతి తెలిసినవాడు కాబట్టి, కర్ర నేలకి ఆన్చి ఆగాడు. ఐవీ తర్వాత స్మశానందాకా తల దించలేదు. అమ్మ మెడ అంత పొడుగని బెరిల్‌కి ఆ రోజే తెలిసింది.

తిరిగొచ్చాక టీ నీళ్ళు మరిగాయి, బల్ల నిండా కప్పులున్నాయి. ఎవరూ రాలేదు. ఐవీ దానికి కూడా బాధపడలేదు. "సిగ్గుపడుతున్నార్లే. పదేళ్ళు మరి. మెల్లగా వస్తారు" అంది. హామ్‌ని పల్చగా ముక్కలు కోసి, అంచున నీలం పువ్వులున్న పెద్ద పళ్ళెంలో వరసగా పేర్చింది. మంచి ముక్కలన్నీ ఆ పళ్ళెంలోకే వెళ్ళాయి.

"ఎడ్నా ఆంటీకి ఇచ్చి రా. అమ్మ థాంక్స్ చెప్పమందని చెప్పు. కర్టెన్లు వేసినందుకని చెప్పు. మర్చిపోకేం!"

బెరిల్ పళ్ళాన్ని రెండు చేతులతో పట్టుకుని రోడ్డు దాటింది. తలుపు దగ్గరకొచ్చేసరికి లోపల్నుంచి గోల. ఒకరిద్దరి గోల కాదు. తలుపు మోచేత్తో కొట్టింది. మావిస్ తీసింది.

"తలుపెయ్యండర్రా, వెలుతురొస్తోంది!" ఎవరో మగమనిషి లోపల్నుంచి అరిచాడు.

మావిస్ బెరిల్ భుజం పట్టి లోపలికి లాగి తలుపేసేసింది. చీకట్లో ముందు ఏమీ కనపడలేదు. తర్వాత మూల నుంచి నీలంగా మెరుస్తున్న చిన్న గాజు పెట్టె, అందులో బూడిదరంగు మనుషులు పరిగెత్తడం కనపడింది. ఆ వెలుగులో గది నిండా మొహాలు. కుర్చీల్లో, నేల మీద, మెట్ల మీద. "అయ్యో" అన్నామె ఉంది. తలుపేసినాయన ఉన్నాడు. చివరింటామె ఒళ్ళో కప్పు పెట్టుకుని ఉంది. వీధి వీధంతా ఇక్కడుంది. గార్నెట్ వీధి నిశ్శబ్దమంతా ఇక్కడ అరుస్తోంది.

ఎడ్నా కుర్చీలోంచి సగం లేచింది. "ఏంటి పిల్లా?"

బెరిల్ నోట్లో మాటలు ముందే పేర్చుకుని వచ్చింది, అవి వాటంతటవే వచ్చేశాయి. "అమ్మ థాంక్స్ చెప్పమందాంటీ. కర్టెన్లు వేసినందుకు."

"ఏం కర్టెన్లు?"

చివరింటామె కిసుక్కున నవ్వి, అంతలోనే నోరు నొక్కుకుంది. ఎడ్నా కిటికీ వైపు చూసింది, దుప్పటి కట్టిన కిటికీ వైపు. తర్వాత హామ్ వైపు. అప్పుడు అర్థమైంది ఆవిడకి. మొహం ఎర్రబడిందో పాలిపోయిందో ఆ నీలం వెలుతురులో ఎవరికి తెలుస్తుంది? పెదవులు విడివడ్డాయి.

"వెలుతురుంటే బొమ్మ కనపడదు పిల్లా" అంది, మెల్లగా.

సరిగ్గా అప్పుడే గోలు పడింది. గది గదంతా ఒక్కసారి లేచింది. ఎవరో బెరిల్ చేతిలోంచి పళ్ళెం అందుకున్నారు, "అబ్బ, హామ్!" అన్నారు, పళ్ళెం తలల మీదుగా చేతులు మారుతూ వెళ్ళింది. కళ్ళు పెట్టె మీద నుంచి తిప్పకుండానే తింటున్నారు. బెరిల్ తలుపుకి వీపు ఆనించి నిలబడింది. పళ్ళెం చుట్టూ తిరిగి వచ్చింది. నీలం పువ్వులు తప్ప అందులో ఏమీ లేవు. మావిస్ దాన్ని బెరిల్ చేతిలో పెట్టి, ఈసారి ఏమీ అనకుండా, మనిషి పట్టేంత సందుగా తలుపు తీసి బయటికి పంపింది.

రోడ్డు మధ్యలో బెరిల్ ఆగింది. అవతల కిటికీలో అమ్మ నిలబడి ఉంది. పదేళ్ళలో మొదటిసారి కిటికీ ముందు, అందరికీ కనపడేలా నిలబడి ఉంది. ఇప్పుడీ పిల్ల వెళ్ళి ఏం చెప్పాలి?

"ఏమందే?" అంది ఐవీ, తలుపు తీస్తూనే. "తిన్నారా? అన్నీ తినేశారా!"

"తినేశారు."

"ఎడ్నా ఏమంది?"

"అమ్మమ్మ మంచిదంది" అంది బెరిల్. "చాలా మంచిదంది."

ఐవీ పళ్ళాన్ని గుండెకి హత్తుకుంది. అంతలో ఎదురింట్లో దుప్పటి ఊడదీశారు, కర్టెన్లు రెండు పక్కలకీ జరిగాయి. ఆట అయిపోయింది. లోపల జనం కుర్చీలు సర్దుతున్న నీడలు కదిలాయి.

"చూశావా!" అంది ఐవీ, కళ్ళు తుడుచుకుంటూ. "మనం తిరిగొచ్చేదాకా ఉంచి, అప్పుడు తీసింది. అంతమందిని ఇంట్లో కూర్చోబెట్టుకుంది, మీ అమ్మమ్మ కోసం. పద్ధతి తెలిసిన మనిషే. మనమే తప్పుగా అనుకున్నాం."

"అవునమ్మా" అంది బెరిల్.

సోమవారం పొద్దున బెరిల్ బడికి బయల్దేరుతూ తలుపు తీసింది. తమ గుమ్మం కడిగి ఉంది, అంచుకి తెల్లరాయి రుద్ది ఉంది. అమ్మ మాత్రం మిల్లు బూట్లతో రోడ్డు అవతల, ఎడ్నా గుమ్మం ముందు మోకాళ్ళ మీద ఉంది. పక్కన బకెట్, చేతిలో రాయి. మెట్టు అంచు వెంట మెల్లగా, ముచ్చటగా తెల్లగీత గీస్తోంది. పైన గుమ్మంలో ఎడ్నా టీ కప్పు పట్టుకుని నిలబడి చూస్తోంది. బెరిల్‌ని చూసి చూపు తిప్పుకుంది.

"ఆ మూల ఇంకొంచెం రుద్దు ఐవీ" అంది.

పదేళ్ళకి పలికిన మొదటి మాట. ఐవీ వెనక్కి తిరిగి కూతురి వైపు చూసింది. సంతోషంతో మొహం వెలిగిపోతోంది. మళ్ళీ వంగి, ఆ మూల ఇంకొంచెం రుద్దింది.